దొరబంగళా పెట్టె

లండన్ వెళ్ళొచ్చి ఐదు నెలలైంది. కాలనీలో ఎవరు ఎదురుపడినా ఇంకా అదే ప్రశ్న, ఏం చూశారండీ అని. మా ఆవిడ "బాగుందండి, సలి ఎక్కువ" అని రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. నేను వంతెన గురించి చెబుతాను, కోట గురించి చెబుతాను, ఒకరిద్దరికి కాకుల గురించి కూడా చెప్పాను. మ్యూజియం గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు పక్కనే ఉన్న నా స్నేహితుడూ ఇంతవరకు నోరు మెదపలేదు. అది చెప్పాలంటే ముప్పై నాలుగేళ్ళ కిందట భోగి నాడు నేను చేసిన పని ముందు చెప్పాలి. చెప్పడానికి నోరు రాలేదని రాద్దామనుకున్నాను గానీ అది అబద్ధం. అది చెప్పుకోవాల్సినంత పని అని ఆ మ్యూజియం చూసేదాకా నాకు తోచనే లేదు.

మాది గోదావరి జిల్లా. పోర్టులో ఉద్యోగం వచ్చి విశాఖపట్నం చేరి, రిటైరయ్యేదాకా జెట్టీ మీద క్రేన్ నడిపాను. క్యాబిన్‌లో కూర్చుంటే ఒక్కోసారి ఓడ వెనక భాగం సరిగ్గా కళ్ళెదుట ఉంటుంది. అక్కడ ఓడ పేరు, దాని కింద అది ఏ ఊరి ఓడో ఆ ఊరి పేరు రాసి ఉంటాయి. కొన్నింటి మీద లండన్ అని ఉండేది. ఆ అక్షరాలు చూసీ చూసీ, ఈ ఊరేదో ఒకసారి చూసి తీరాలని పట్టుదల పెరిగింది. రిటైరయ్యాక, విశాఖలోనే ఒక టూర్ల ఆయన పాతికమందిని పోగుచేసి తీసుకెళ్తున్నాడని తెలిసి మా ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను. మా ఆవిణ్ణి అడగలేదు. నేను చాలా పనులు ఆమెని అడక్కుండానే చేశాను.

గుంపులో నాకు తెలిసినవాడు ఒక్కడే. స్టీల్ ప్లాంటులో ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరైన నా స్నేహితుడు. ఈ ఊరివాడే. నన్ను బావా అంటాడు, నేనూ బావా అంటాను, చుట్టరికం ఏమీ లేదు. క్రైస్తవుడు, ఆదివారం చర్చి మానేయగా నేను చూడలేదు. వాడు బయల్దేరింది ఒకే ఒక్క కోరికతో, రాజులకి కిరీటం పెట్టే పెద్ద చర్చిలో ఒకసారి మోకరించి ప్రార్థన చేసుకోవాలని.

టూర్ల ఆయన చేతిలో ఎప్పుడూ ఒక పసుపు జెండా ఉండేది. నలభై ఏళ్ళ మనిషి, బీచ్ రోడ్డు మీద ట్రాఫిక్ పోలీసు కంటే గట్టిగా అరుస్తాడు. "దిగండి సార్, పది నిమిషాలు, ఫొటోలు తీసుకోండి, ఎక్కండి." ఒక వంతెన దగ్గర దిగాం, ఎక్కాం. ఒక గడియారం గోపురం దగ్గర దిగాం, ఎక్కాం. రాణి గారి ఇంటి గేటు దగ్గర దిగి, తలుపులు వేసి ఉంటే ఆ తలుపుల్నే ఫొటో తీసుకుని ఎక్కాం. దీన్ని ఊరు చూడ్డం అనరు, హాజరు వేయించుకోవడం అంటారు. నేను అదే మాట పైకి అంటే మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

కోటకి మాత్రం రెండు గంటలిచ్చాడు. ఒకప్పుడు రాణుల తలలు నరికిన కోట అది. తల పెట్టించిన చోటు కూడా చూపించారు, చుట్టూ జనం ఐస్‌క్రీం తింటున్నారు. నేను అక్కడ నిర్ఘాంతపోయింది తలల గురించి కాదు, కాకుల గురించి. ఆ కోటలో నల్లటి పెద్ద కాకులున్నాయి. అవి ఎగిరిపోతే రాజ్యం పోతుందని వాళ్ళ నమ్మకమట. అందుకని వాటికి గూళ్ళు కట్టి, మాంసం పెట్టి, చూసుకోవడానికి టోపీ, కోటు వేసుకున్న ఒక ఉద్యోగస్థుణ్ణి పెట్టారు.

"సూసావా బావ," అన్నాడు నా స్నేహితుడు ఆ టోపీ మనిషి వంక చూస్తూ. "మనం అక్కడ ఫర్నేసు కాడ మాడి సచ్చాం. ఈడు సూడు, కాకులకి బువ్వెట్టి పింఛను తీసుకుంతాడు."

రెండో రోజు వాడి చర్చి వచ్చింది. గుమ్మం ముందు వరస, వరస చివర టికెట్టు కిటికీ. వాడు టికెట్టు చేతిలో పట్టుకుని దాని వంక అలాగే చూస్తూ నిలబడిపోయాడు.

"సర్చికి టికెట్టేటి బావ?"

"మా గుళ్ళలో ప్రత్యేక దర్శనానికి ఎప్పట్నుంచో ఉంది. నీకు ఇప్పుడు తెలిసింది, అంతే," అన్నాను. వాడు నవ్వలేదు.

లోపల అడుగుపెట్టాక నవ్వడం నా వల్లా కాలేదు. ఆ నేల అంతా సమాధులే. పేర్లు చెక్కిన రాళ్ళే పరిచారు, వాటి మీదే నడవాలి. ఒకదాని మీద కాలు పెట్టి, తెలిసి ఉలిక్కిపడి పక్కకి గెంతితే ఆ పక్కది కూడా సమాధే. పోయినవాళ్ళ పేర్ల మీద బూట్లేసుకుని తిరగడం ఏమిటో, దానికి డబ్బులిచ్చి రావడం ఏమిటో నాకు అర్థం కాలేదు. నా స్నేహితుడైతే బూట్లు విప్పి చంకలో పెట్టుకున్నాడు. కాపలా మనిషి వచ్చి మళ్ళీ తొడిగించాడు. చివరికి వాడు ఒక మూల మోకరించి ప్రార్థన చేసుకున్నాడు, లేచేటప్పుడు కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంతలో మా ఆవిడ కనిపించలేదు. వెతికితే, నగిషీ చెక్కిన ఒక పాత చెక్క బెంచీ దగ్గర నేల మీద చతికిలబడి, బెంచీ కిందకి తల దూర్చి పైకి చూస్తోంది. కాపలా మనిషి ఆమె పక్కనే వంగి, ఏమైనా పారేసుకున్నారా అమ్మా అని ఇంగ్లీషులో అడుగుతున్నాడు. నాకు తల కొట్టేసినట్టైంది. ఆ మనిషికి ఏదో సర్దిచెప్పి పంపేశాను.

"ఏం చేస్తున్నావు?"

"సేసినోడి పేరుంటాదేమోనని సూత్తన్నాను."

"ఇక్కడ రాజుల పేర్లుంటాయి. వడ్రంగుల పేర్లు ఎవడు రాస్తాడు?"

"పైన రాయరండి. అడుగున రాసుకుంతారు," అని దులుపుకుని లేచింది.

ఈ అలవాటు ఆమెకి కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఉంది. ఎవరింటికి వెళ్ళినా కుర్చీ తిరగేస్తుంది, బల్ల కిందకి వంగుతుంది. వడ్రంగి కూతురు కదా, చెదలున్నాయేమో చూస్తోంది అనుకునేవాణ్ణి. ఎందుకు చూస్తున్నావని ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఆ రోజు చర్చిలో అడిగానే గానీ, విని ఊరుకున్నాను. బస్సు ఎక్కేశాను.

వాళ్ళది ఇక్కడే వన్‌టౌన్. మా మామగారు ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లకి చెక్కపని చేసేవారు. తెల్లారకముందే బాడిస భుజాన వేసుకుని వెళ్తే మళ్ళీ మధ్యాహ్నమే. ఆయన ఒంటి మీద ఎప్పుడూ చేపల వాసన, రంపప్పొట్టు వాసన కలిసి ఉండేవి. తన తాత కాలందాకా ఇంట్లో ఏనుగు దంతం పని ఉండేదనీ, దొరలకి పెట్టెలూ కుర్చీలూ చేసిపెట్టేవాళ్ళనీ, ఆ తర్వాత అది ఆగిపోయిందనీ ఒకసారి చెప్పారు. నేను ఊఁ కొట్టాను.

మా ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు ట్రంకు పెట్టె, గిన్నెలు, స్టవ్వుతో పాటు ఒక పాత పెట్టె తెచ్చుకుంది. రెండు జానల పొడవుంటుందేమో. అచ్చం దొరల బంగళాలా చేశారు. వాలు కప్పు, కప్పు మీద పొగగొట్టం, గోడల నిండా సన్నటి నల్ల గీతల్తో తలుపులు, కిటికీలు. గంధపు చెక్క మీద ఏనుగు దంతం రేకులు అతికించారు, అవి పసుపు తిరిగి ఉండేవి. కప్పు ఎత్తితే లోపల అరలు. అందులో సూదులు, దారపుండలు, బొత్తాలు దాచుకునేది. పొగగొట్టం విరిగిపోయింది, రేకులు అక్కడక్కడ ఊడిపోయాయి. వాళ్ళింట్లో దాన్ని దొరబంగళా పెట్టె అనేవాళ్ళు. ఇంట్లో ఆడపిల్లకి ఇవ్వడం వాళ్ళ ఆనవాయితీ.

మరుసటి ఏడు ఆమె తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. నేను పోర్టు క్వార్టర్స్‌లో ఒక్కణ్ణే ఉన్నాను. భోగి వచ్చింది. మా గోదావరి వైపు భోగి మంట దగ్గరికి ఇంటికొకటైనా పాత చెక్క సామాను తీసుకెళ్ళాలి. విరిగిన తలుపో, కాలు పోయిన కుర్చీయో, ఏదో ఒకటి. మా అమ్మ అంతకు రెండ్రోజుల ముందు నుంచే అటకంతా వెతికేది. వట్టి చేతుల్తో మంట దగ్గరికి వెళ్ళడమంటే మాకు నామోషీ. క్వార్టర్స్‌లో కూడా సగం మంది మా వైపు వాళ్ళే, అదే పట్టింపు. తెల్లవారుజామున అందరూ తలా ఒకటి మోసుకొస్తున్నారు. పక్కింటాయన ఏకంగా ఒక తలుపు తెచ్చాడు.

కొత్త కాపురంలో పాత సామాను ఎక్కణ్ణుంచి వస్తుంది? మంచం కొత్తది, కుర్చీలు కొత్తవి, చివరికి రొట్టెల కర్ర కూడా కొత్తదే. ఇల్లంతా కలియజూశాను. పాతది ఒక్కటే కనిపించింది. బొత్తాలూ దారాలూ ఒక న్యూస్ పేపర్లో పోసి పొట్లం కట్టి, పెట్టె చంకలో పెట్టుకుని వెళ్ళాను. నా చేతుల్తో నేనే మంటలో పెట్టాను.

గంధం అంటుకున్నాక ఒక్క నిమిషం మంచి వాసన వచ్చింది. తర్వాత రేకులు టపటపా పేలి, వెంట్రుకలు కాలిన కంపు లేచింది. పక్కింటావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "దొరగారి ఇల్లు తగలబడిపోతోందండోయ్" అన్నాను నేను. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ మంట దగ్గర చేతులు కూడా కాచుకున్నాను.

మూడో నెల పిల్లని తీసుకుని వచ్చింది మా ఆవిడ. వచ్చిన రోజే బొత్తాల పొట్లం కనిపించింది.

"పెట్టేదండి?"

"భోగి మంటలో వేశాను. విరిగిపోయింది కదా."

ఆమె ఆ పొట్లం విప్పి, మళ్ళీ కట్టింది. "అడుగున సూసారేటండి?"

"అడుగున ఏముంటుంది, చెక్క."

అంతే. పిల్ల ఏడిస్తే లోపలికి వెళ్ళింది. దెబ్బలాడలేదు, ఏడవలేదు. గొడవ పెట్టుకోని పిల్ల దొరికింది, అదృష్టవంతుణ్ణి అనుకున్నాను. ఆ తర్వాత మాత్రం ఏ భోగికీ మా ఇంట్లోంచి చెక్క ముక్క బయటికి వెళ్ళనివ్వలేదు. నేను దాని మీద ఎన్నిసార్లు వేళాకోళమాడానో లెక్కలేదు.

రెండు నెలల తర్వాత మా మామగారు వచ్చారు. తువ్వాలులో చుట్టి ఒక కొత్త టేకు పెట్టె తెచ్చారు. నగిషీ ఏమీ లేదు, పనితనం మాత్రం ఎక్కడా వేలు పెట్టడానికి లేదు. దాన్ని నా చేతుల్లో పెట్టి, నిలబడే అన్నారు.

"ఆ పెట్టి ఇయ్యడం నాదే తప్పు బాబూ. సూసుకోకుండా ఇచ్చేసాను. ఏటీ అనుకోకండి."

"పర్వాలేదు మామయ్యగారూ, పాత సామాను అంతే కదా," అన్నాను. పనికిరానిది ఇచ్చానని ఆయనే ఒప్పుకున్నారు, ఎంత పెద్ద మనసు అని నలుగురి దగ్గరా పొగిడాను కూడా.

ఇప్పుడు మ్యూజియం. మూడో రోజు పొద్దున్నుంచీ వాన. పడవ షికారు రద్దైంది. టూర్ల ఆయన మమ్మల్ని ఒక పెద్ద మ్యూజియం ముందు దింపాడు. "ప్రవేశం ఉచితం సార్. గంటన్నర. వాన తగ్గితే వెళ్ళిపోదాం." అంటే మేము చూడ్డానికి రాలేదు, తడవకుండా ఉండటానికి వచ్చాం. నాకు మోకాళ్ళు పట్టేశాయి. మొదటి హాల్లోనే ఒక బెంచీ చూసుకుని కూలబడ్డాను. మా ఆవిడా, నా స్నేహితుడూ లోపలికి వెళ్ళారు.

పావుగంటకి వాడు పరుగులాంటి నడకతో వచ్చాడు. "బావ! లెగు! మనూరి సామాను పెట్టారిక్కడ!"

మన ఊరిది ఇక్కడేముంటుంది, ఏ ఓడ బొమ్మో అయి ఉంటుంది అనుకుంటూ వెళ్ళాను.

అద్దపు అరలో, దీపం వెలుతురులో, దొరబంగళా ఉంది. వాలు కప్పు, నల్ల గీతల కిటికీలు, గుమ్మం ముందు రెండు మెట్లు. పొగగొట్టం కూడా ఉంది, విరగలేదు. నాకు వచ్చిన మొదటి ఆలోచన ఎంత తెలివితక్కువదో చెబితే నవ్వుతారు. అయితే కాలలేదా అనుకున్నాను. నేను మంటలో పెట్టాను కదా, ఇక్కడికెలా వచ్చింది అనుకున్నాను. అద్దానికి చెయ్యి ఆనించాను. ఆ తర్వాతే, ఇది దాని జోడీ అని, నేను కాల్చింది ఇలాంటిదే అని బుర్రకెక్కింది.

పక్కన చిన్న అట్ట మీద విశాఖపట్నం పేరు పాత ఇంగ్లీషు స్పెల్లింగులో ఉంది. నా స్నేహితుడు దాన్ని బయటికి చదువుతూ మురిసిపోతున్నాడు. మా ఆవిడ అడిగింది, "కింద ఏటి రాసారు?"

"గంధపు చెక్క, ఏనుగు దంతం అని. చేసినవాడు తెలియదు అని."

"తెలీదేటి?"

అని, నా వంకైనా చూడకుండా నేల మీద చతికిలబడి, అద్దపు అర కింద నుంచి పైకి చూడబోయింది. పెట్టె కింద గుడ్డ పరిచారు, ఏమీ కనబడదు. ఈసారి నేను లేవమనలేదు. "అడుగున సూసారేటండి" అన్న మాట ముప్పై నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ నా చెవిలో పడింది. ఈసారి అర్థమైంది.

మెడలో బిళ్ళ వేసుకున్న ఒక తెల్లజుట్టు ఆవిడ వచ్చింది. వచ్చినవాళ్ళకి వస్తువుల గురించి చెప్పే మనిషి. ఏమైనా సాయం కావాలా అంది. మా ఆవిడకి ఇంగ్లీషు కొన్ని మాటలు అర్థమవుతాయి, మాట్లాడలేదు. నా వైపు తిరిగింది.

"సెప్పండి ఆవిడికి. ఇలాటిది మా ఇంట్లో ఉండేది. మా తాతకి తాత సేసాడు. లోపలి అర తీసి తిరగేస్తే అడుగున ఆయన పేరు సెక్కి ఉంటాది. నా సిన్నప్పుడు దాని మీద ఏలెట్టి దిద్దుకునేదాన్ని. దీన్ని కూడా తిరగేసి సూడమనండి."

ఎలాగో చెప్పాను. ఆ తెల్లజుట్టు ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. ఈ పెట్టెని తిరగేసి చూశారట, పేరు లేదట. ఇలాంటివి చేసినవాళ్ళలో ఒక్కరి పేరు కూడా తనకి తెలిసి ఎక్కడా దొరకలేదట. పేరున్నది ఒకటి ఉందంటే ఇక్కడి పెద్దవాళ్ళు చూడ్డానికి ఎగిరి గంతేస్తారట. చేతులు రెండూ కలిపి పట్టుకుని అడిగింది, ఆ పెట్టె ఇప్పుడు ఎక్కడుంది అని.

నేను ఆ ప్రశ్నని తెలుగులోకి మార్చలేదు. మార్చలేకపోయాను. కానీ అంతమాత్రం ఇంగ్లీషు మా ఆవిడకి అర్థమవుతుంది. అద్దం వంకే చూస్తూ అంది.

"సెదలు తినేసాయని సెప్పండి."

"ఏంటి?"

"సెదలండి. మా నాన్నకీ అదే సెప్పాను. ఆవిడికీ అదే సెప్పండి."

నేను చాలా చావులు చూశాను, జెట్టీ మీద ప్రమాదాలు చూశాను. ఆ క్షణంలో తగిలినంత దెబ్బ నాకెప్పుడూ తగల్లేదు. "సూసుకోకుండా ఇచ్చేసాను" అన్నారు ఆయన. బతుకంతా చెక్కతో బతికిన మనిషి, చెదలు పట్టిన పెట్టెని కూతురి కాపురానికి ఇచ్చాననుకున్నారు. వడ్రంగికి అంతకంటే సిగ్గు ఏముంటుంది? అందుకే రెండు నెలలు కూర్చుని కొత్త పెట్టె చేశారు. అందుకే తువ్వాల్లో చుట్టుకుని వచ్చి, నిలబడి, నన్ను క్షమించమన్నారు. తగలబెట్టినవాణ్ణి నేను. నేను ఆయన్ని క్షమించాను. పర్వాలేదు మామయ్యగారూ అన్నాను.

ఆ తర్వాత ఆయన పద్నాలుగేళ్ళు బతికారు. మా ఇంటికి ఎప్పుడొచ్చినా ముందు తలుపులూ, మంచం కోళ్ళూ వేలి కణుపుతో కొట్టి చూసేవారు, చెదలున్నాయేమోనని. ఆయన వెళ్ళాక నేను అలాగే కొట్టి చూపించి పిల్లని నవ్వించేవాణ్ణి.

"ఎందుకలా చెప్పావు ఆయనకి?" అన్నాను.

"మీరు తగలెట్టారని సెప్తే మళ్ళా మీ మొకం సూసేవోడేటి? మన గుమ్మం తొక్కేవోడేటి?"

తెల్లజుట్టు ఆవిడ ఇంకా నవ్వుమొహంతో ఎదురుచూస్తోంది. చెదలు అన్న మాటకి ఇంగ్లీషు నాకు తెలుసు. పోర్టులో చెక్క దుంగలు దిగినప్పుడల్లా వాడే మాటే. అది నోటిదాకా వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం వేరే. నేను కాల్చేశాను అన్నాను.

ఆమెకి నా ఇంగ్లీషు మీద అనుమానం వచ్చింది. అగ్నిప్రమాదమా, అయ్యో అంది. కాదు అన్నాను. పండగ. పాతవి మంటలో వేస్తాం. నేనే నా చేత్తో వేశాను. ఆమె చెయ్యి మెల్లగా నోటి మీదకి వెళ్ళింది. నా స్నేహితుడు "బావ" అని నా భుజం మీద చెయ్యి వేశాడు.

"సెప్పేసారేటి?" అంది మా ఆవిడ. ఆమె మొహంలో కోపం అప్పుడు చూశాను, పెళ్ళైన ఇన్నేళ్ళకి. "ఇన్నేళ్ళు దాసాను నాను. పరాయి ఊర్ల, పరాయి మనిసికి సెప్పేసారు."

తెల్లజుట్టు ఆవిడ వెళ్ళి ఒక కాగితం తెచ్చింది. ఏదైనా వస్తువు గురించి తెలిసినవాళ్ళు రాసి ఇవ్వొచ్చట. పై వాళ్ళు చూస్తారు, అట్ట మీద మాట మారుతుందని మాత్రం తాను చెప్పలేనంది. ఆమె మర్యాదగానే మాట్లాడింది, కానీ ఆ తర్వాత నా కళ్ళలోకి చూడలేదు.

మొదటి గడిలో చేసినవాడి పేరు రాయాలి. మా ఆవిడ చెబుతుంటే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. రెండుసార్లు తప్పు రాస్తే రెండుసార్లూ దిద్దించింది. తర్వాత కలం లాక్కుని, దాని కింద తెలుగులో తానే రాసింది. మామూలుగా ఆమె చేతిరాత గజిబిజి. ఆ పేరు మాత్రం గుండ్రంగా, ఒక్కో అక్షరం నొక్కి నొక్కి రాసింది. అడుగున చెక్కింది కూడా అలాగే ఉండి ఉంటుంది. నేను చూడలేదు కాబట్టి నాకు తెలియదు.

రెండో గడిలో, ఈ సంగతి మీకు ఎలా తెలుసు అని ఉంది. హాలు గుమ్మంలో పసుపు జెండా ఊగుతోంది, వాన తగ్గింది రండి రండి అని టూర్ల ఆయన కేకలు. నేను రాస్తూనే ఉన్నాను. గడి చాలక పక్కన ఖాళీలో కూడా రాశాను. కింద నా పేరు, ఇంటి నంబరు వేశాను.

"ఏటి రాసారు అంత?"

చదివి తెలుగులో చెప్పాను. ఈ పేరున్న పెట్టె మా ఇంట్లో ఉండేది. అడుగు చూడకుండా దాన్ని మంటలో వేసింది నేనే. అది చెదలు పట్టిన పెట్టె కాదు, మంచి పెట్టె. ఇచ్చిన మా మామగారి తప్పు ఏమీ లేదు.

ఆమె కాగితం తీసుకుని, తడి ఆరేదాకా రెండు చేతుల్తో పట్టుకుని, తెల్లజుట్టు ఆవిడకి ఇచ్చింది. నా వైపు తిరిగింది.

"ఆ ఆఖరి ముక్క మా నాన్న ఉన్నప్పుడు సెప్పాల్సిందండి," అంది.